వరి ఎండాకు తెగులు: బాక్టీరియాను చంపకుండా నిరాయుధం చేసే మార్గం

హైదరాబాదు తూర్పు భాగాన మూసీ నదికి దక్షిణపు ఒడ్డున మూసారాంబాగ్, ఉత్తరపు ఒడ్డున అంబర్‌పేట ఉన్నాయి. అంబర్‌పేట వైపున రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యం గల మురుగునీటి శుద్ధి కేంద్రం పనిచేస్తున్నది. నగరం వాడి వదిలిన నీరు ఇక్కడి నుండి నాగోలు, ఉప్పల్ మీదుగా సాగి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ గ్రామాల పొలాలకు చేరుతుంది. వేసవిలోనూ ఎండని ఈ నీటి ఆధారంగా అక్కడ పశుగ్రాసం, ఆకుకూరలు, వరి పండుతున్నాయి.

ఈ నీటికి మరొక చరిత్ర కూడా ఉన్నది. పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని ఉమ్మడిగా శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన ఒక స్వీడన్ పరిశోధక బృందపు అధ్యయనం వెల్లడించింది. ఆ మందును సేవించిన రోగి రక్తంలో ఉండే గరిష్ఠ పరిమాణం కంటే ఇది ఎక్కువ. అనంతర కాలంలో ఆ కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా నగర మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేటకు చేర్చే ఏర్పాటు జరిగింది. మందుకు లొంగని బాక్టీరియాను వడపోసి నిలిపే ఒత్తిడి ఒక నదీ పరీవాహకంలో ఇంతగా ఉన్నప్పుడు, అదే నీటితో పండే పైరుపై అదనంగా యాంటీబయాటిక్ పిచికారి చేయడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న వ్యవసాయ శాస్త్రవేత్తలకు సంబంధించినదే అవుతుంది.

వరిలో ఈ ప్రశ్న ప్రధానంగా ఎదురయ్యేది బాక్టీరియా ఎండాకు తెగులు విషయంలో. దీనిని కలుగజేసేది జాంథోమొనాస్ ఒరైజే పాథోవార్ ఒరైజే. ఈ తెగులుపై చాలాకాలంగా వాడుకలో ఉన్న స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో స్ట్రెప్టోమైసిన్ తొమ్మిది పాళ్ళు, టెట్రాసైక్లిన్ ఒక పాలు ఉంటాయి. క్షయ వ్యాధిపై మానవజాతికి లభించిన తొలి సమర్థ ఔషధం స్ట్రెప్టోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గానికి ఆద్యమైన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది లెడర్లీ ప్రయోగశాలల నుండి. ఆనాడు అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. దానిని కనుగొన్న బెంజమిన్ డగ్గర్ స్వతహాగా మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త కావడం ఈ రంగపు విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం.

ఆకుపై చల్లిన యాంటీబయాటిక్ ఎక్కువగా తాకేది తెగులు బాక్టీరియాను కాదు. అది దారునాళాల లోపల ఉంటుంది, పైపై పిచికారి అక్కడికి అంతంతమాత్రంగానే చేరుతుంది. ఆకు ఉపరితలంపై, మడి నీటిలో, మట్టిలో నివసించే లెక్కకు మిక్కిలి ఇతర బాక్టీరియా మాత్రం మందుకు నేరుగా గురవుతుంది. స్ట్రెప్టోమైసిన్‌ను నిర్వీర్యం చేసే జన్యువుల జంట ఒకటి మొక్కల బాక్టీరియాలోను, మనుషులలో రోగాలు కలిగించే బాక్టీరియాలోను కనిపించింది. అవి ఒక జాతి నుండి మరొక జాతికి తరలగల జన్యుఖండాలపై ఉంటాయి. చైనాలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని ఎండాకు తెగులు బాక్టీరియా ఇప్పటికే నమోదైంది. ఈ రెండు మందులను వ్యవసాయంలో నిలిపివేయాలని ప్రతిపాదిస్తూ కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించడానికి నేపథ్యం ఇదే.

నిరాయుధీకరణ అంటే ఏమి

బాక్టీరియా బ్రతకడానికి కావలసినవి వేరు, వ్యాధిని కలిగించడానికి కావలసినవి వేరు. రైబోజోమ్, కణకవచ నిర్మాణం, డి.ఎన్.ఎ. ప్రతికృతి మొదటి కోవకు చెందినవి. యాంటీబయాటిక్‌లు దెబ్బతీసేది వీటినే. అతిథేయిపై దాడికి ఉపయోగపడే విషాలు, ఎంజైములు, స్రావక వ్యవస్థలు, సంకేత అణువులు రెండవ కోవకు చెందినవి. వీటినే విరులెన్స్ కారకాలు అంటారు. ఒక కారకం ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడానికి పరీక్ష సులభమైనదే. ఆ జన్యువును తొలగించిన బాక్టీరియా ప్రయోగశాల మాధ్యమంలో మామూలుగా పెరిగి, మొక్కలో మాత్రం తెగులు కలిగించలేకపోతే అది విరులెన్స్ కారకం. దానిని పనిచేయనీయకుండా ఆపితే బాక్టీరియా చావదు. కోరలు తీసిన పామువలె మిగులుతుంది.

ఈ ఆలోచన యాంటీబయాటిక్‌ల కంటే పాతది. బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో 1890లో కంఠవాతపు విషానికి విరుగుడును రక్తరసంలో చూపించారు. ఆ చికిత్స బాక్టీరియాను తాకదు, దాని విషాన్ని మాత్రమే పట్టి బంధిస్తుంది. పెన్సిలిన్ వచ్చాక ఈ మార్గం దాదాపు మరుగునపడి, మందులు పనిచేయడం మానుతున్న ఈ కాలంలో మళ్ళీ చర్చకు వచ్చింది. వైద్యంలో ఇప్పటికీ ఈ కోవకు చెందిన మందులు వేళ్ళపై లెక్కించదగినన్నే. వరిలో మాత్రం, ఆ పేరుతో ఎవరూ పిలవకపోయినా, రైతు పొలంలో ఇది అమలవుతున్నది.

దారునాళంలో జరిగే దాడి

ఎండాకు తెగులు బాక్టీరియా ఆకు అంచున ఉండే జలరంధ్రాల ద్వారా, లేదా గాలివానకు ఆకులు రాసుకొన్నప్పుడు ఏర్పడే గాయాల ద్వారా లోనికి ప్రవేశిస్తుంది. నాటేటప్పుడు నారు కొనలు త్రుంచే అలవాటు దానికి తలుపు తీసి పెట్టినట్లే. లోనికి చేరిన తరువాత దారునాళాల్లో వృద్ధిచెందుతూ జిగురువంటి బహుశర్కరను స్రవిస్తుంది. నాళం పూడుకొనిపోవడంలో, ఆకు అంచుల వెంట అలలవంటి పసుపు చార ఏర్పడి ఎండిపోవడంలో ఈ జిగురుకు ముఖ్య పాత్ర ఉన్నది. ఈ జిగురును తయారుచేయలేని ఉత్పరివర్తితాలు తెగులు కలిగించలేవు.

రెండవ రకపు స్రావక వ్యవస్థ ద్వారా బాక్టీరియా సెల్యులేజ్, జైలనేజ్, ఎస్టరేజ్ వంటి ఎంజైములను వెలుపలికి పంపి వరి కణకవచాన్ని కరగదీస్తుంది. ఈ అధ్యయనంలో మూసారాంబాగ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరాన, ఉప్పల్ రహదారిపై ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. రమేశ్ సొంటి నాయకత్వంలోని బృందం 2000 నాటికే ఈ స్రావక వ్యవస్థ లోపించిన బాక్టీరియాకు తెగులు కలిగించే శక్తి తగ్గిపోతుందని నిరూపించింది. లిప్‌ఎ అనే ఎస్టరేజ్ ఎంజైము త్రిమితీయ నిర్మాణాన్ని 2009లో ఇదే సంస్థ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

ఆ బృందం గమనించిన మరొక సంగతి ఇంకా లోతైనది. కణకవచం తెగినప్పుడు వెలువడే శకలాలను వరి మొక్క ప్రమాద సూచికలుగా గుర్తించి రక్షణ చర్యలకు దిగుతుంది. అంటే బాక్టీరియా వాడే ఆయుధమే మొక్కను మేలుకొలుపుతున్నది. కన్నపు దొంగ గోడ తవ్వితే చప్పుడు కాక తప్పదు, ఇంటివారు లేవకుండా చూసే తోడుదొంగ ఉండాలి. ఆ తోడుదొంగ మూడవ రకపు స్రావక వ్యవస్థ. ఇది సూదివంటి నిర్మాణం ద్వారా మాంసకృత్తులను నేరుగా వరి కణంలోనికి ఎక్కిస్తుంది. వాటిలో జాప్-ఎన్, జాప్-క్యు, జాప్-ఎక్స్, జాప్-జెడ్ అనే నాలుగు ఈ రక్షణ స్పందనను అణచివేస్తాయని అదే ప్రయోగశాల 2013లో ప్రకటించింది. ఈ పరస్పరాధారం నిరాయుధీకరణకు కీలకం. తోడుదొంగను తప్పిస్తే చాలు, మొదటివాడిని వాడి చప్పుడే పట్టిస్తుంది.

సూది ద్వారా లోనికి వెళ్ళేవాటిలో టేల్ వర్గపు మాంసకృత్తులు మరింత విచిత్రమైనవి. ఇవి వరి కేంద్రకంలోనికి చేరి, నిర్దిష్ట జన్యువు ప్రమోటర్‌పై తమకు సరిపోయే అక్షర క్రమాన్ని వెదికి అతుక్కొని, ఆ జన్యువును మేల్కొలుపుతాయి. మేల్కొనేది ఎక్కువగా స్వీట్ కుటుంబపు జన్యువు, అంటే చక్కెరను కణం వెలుపలికి పంపే ద్వారం. వరి తన కణాల నుండి తానే చక్కెరను బాక్టీరియాకు వడ్డిస్తుంది. పి.టి.హెచ్.ఎక్స్.ఒ-1 అనే టేల్ మాంసకృత్తి స్వీట్-11ను, పి.టి.హెచ్.ఎక్స్.ఒ-2 స్వీట్-13ను, పి.టి.హెచ్.ఎక్స్.ఒ-3, ఎ.వి.ఆర్.ఎక్స్.ఎ-7 అనేవి స్వీట్-14ను తెరుస్తాయి.

వీటన్నింటి నడుమ బాక్టీరియా కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. కొవ్వు ఆమ్ల స్వభావం గల ఒక సంకేత అణువును విడుదల చేసి, అది తగినంత చేరినప్పుడు దాడి తీరును మార్చుకొంటాయి. ఆ అణువును తయారుచేసే ఆర్.పి.ఎఫ్.ఎఫ్. జన్యువును తొలగించినప్పుడు తెగులు తీవ్రత తగ్గడమే గాక, ఇనుము కొరతగా ఉన్న పరిస్థితిలో బాక్టీరియా ఎదుగుదల కూడా కుంటుపడుతుందని సుభదీప్ చటర్జీ, రమేశ్ సొంటి 2002లో చూపించారు. పాఠ్యపుస్తకాలలో బ్రతుకుతెరువుకూ ఆయుధానికీ మధ్య గీచే గీత ప్రకృతిలో అంత స్పష్టంగా ఉండదనడానికి ఇది మంచి ఉదాహరణ. విద్యార్థులకు పై నిర్వచనాన్ని బోధించేటప్పుడు దీనిని జతచేయడం అవసరం.

సాంబ మసూరి అనుభవం

బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, సన్నగింజ నాణ్యతకు పేరుపడిన రకం. ఎండాకు తెగులుకు మాత్రం తేలికగా లోబడుతుంది. రాజేంద్రనగర్‌లోని నాటి వరి పరిశోధన సంచాలకాలయం, నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రంతో కలిసి ఈ రకంలోనికి ఎక్స్ఎ-21, ఎక్స్ఎ-13, ఎక్స్ఎ-5 అనే మూడు జన్యువులను పునఃసంకరణం ద్వారా చేర్చింది. ఫలితంగా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, అనగా ఆర్.పి. బయో-226, 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. అణు సూచికల సాయంతో ఎంపిక చేసిన సంప్రదాయ సంకర రకం.

విస్తరణ సమావేశాల్లో ఈ మూడింటినీ కలిపి తెగులును తట్టుకొనే జన్యువులు అని చెప్పి ఊరుకోవడం పరిపాటి. నిజానికి ఇవి మూడు భిన్న పద్ధతుల్లో పనిచేస్తాయి. ఆ భేదం తెలియకపోతే రకం ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం దొరకదు.

ఎక్స్ఎ-13 అంటే కొత్త శక్తి కాదు, స్వీట్-11 జన్యువు ప్రమోటర్‌లో వచ్చిన మార్పు. పి.టి.హెచ్.ఎక్స్.ఒ-1 అతుక్కొనవలసిన చోటు చెడిపోవడం వలన ద్వారం తెరుచుకోదు. బాక్టీరియా తాళంచెవి తెచ్చుకొన్నా తాళం మారిపోయింది. స్వీట్-11 పుప్పొడి ఎదుగుదలకు కూడా అవసరమైన జన్యువు. దానిని పూర్తిగా తొలగిస్తే గింజకట్టు దెబ్బతింటుంది. సహజంగా ఏర్పడిన ఎక్స్ఎ-13లో మార్పు ప్రమోటర్‌కే పరిమితం కావడం వలన మొక్క తన పనికి ఆ జన్యువును వాడుకొంటూనే, బాక్టీరియా పనికి దానిని అందకుండా చేసింది.

ఎక్స్ఎ-5 అనులేఖనానికి తోడ్పడే మాంసకృత్తిలో ఒకే ఒక అమైనో ఆమ్లపు మార్పు. వాలిన్ స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం చేరింది. టేల్ మాంసకృత్తులు వరి జన్యువులను మేల్కొలపడానికి ఈ భాగాన్ని ఊతంగా వాడుకొంటాయి. ఊతం జారిపోతే అవి బలహీనపడతాయి. ఒక్క టేల్‌నే గాక మొత్తం వర్గాన్ని మందగింపజేస్తుంది గనుక ఇది ఎక్స్ఎ-13 కంటే విశాలమైన నిరాయుధీకరణ.

ఎక్స్ఎ-21 ఈ కోవలోనిది కాదు. అడవి వరి ఒరైజా లాంగిస్టామినేటా నుండి వచ్చి, 1995లో క్లోన్ చేయబడిన ఈ జన్యువు కణ ఉపరితలంపై ఉండే గ్రాహకాన్ని తయారుచేస్తుంది. బాక్టీరియా విడుదల చేసే రాక్స్-ఎక్స్ అనే చిన్న పెప్టైడును గుర్తించి మొక్క రక్షణ వ్యవస్థను లేపుతుంది. ఇది ఆయుధాన్ని లాగివేయదు, కావలిని పెంచుతుంది.

ఎక్స్ఎ-5, ఎక్స్ఎ-13 రెండూ అంతర్గత జన్యువులు కావడం యాదృచ్ఛికం కాదు. మారిన ప్రతి ఒకటి, మారని ప్రతి ఒకటి ఉన్న మొక్కలో మారని ప్రతి ద్వారా బాక్టీరియా తన పని చేసుకొంటుంది. రెండు ప్రతులూ మారితేనే ఫలితం. అందువలన పునఃసంకరణ తరాల్లో తెగులు కలుగజేసి చూసినంత మాత్రాన వీటిని మోస్తున్న మొక్కలను గుర్తించడం సాధ్యపడదు. అణు సూచికలు లేకుండా ఈ రకం రూపొందడం ఎంతో కష్టమై ఉండేది.

ఎంతకాలం నిలుస్తుంది

చంపడం లేదు గనుక బాక్టీరియాపై వరణ ఒత్తిడి ఉండదని, కాబట్టి నిరాయుధీకరణకు లొంగని రకాలు పుట్టవని కొన్ని రచనల్లో కనిపిస్తుంది. వరి అనుభవం ఈ మాటను సమర్థించదు. తెగులు బాక్టీరియా ఒక ఆకు నుండి మరొక ఆకుకు వ్యాపించడానికి తెగులే సాధనం. ఆయుధం పనిచేయని బాక్టీరియాకు మొక్కలో సంతతి తక్కువ. ఆ నష్టమే వరణ ఒత్తిడి. స్వీట్-11 ద్వారం మూతపడినచోట స్వీట్-13ను, స్వీట్-14ను తెరవగల టేల్ మాంసకృత్తులున్న బాక్టీరియా నిలదొక్కుకొన్నది. మన దేశంలో సేకరించిన 400 నమూనాలను పరిశీలించి 22 పాథోటైపులుగా వర్గీకరించిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఎక్స్ఎ-13 ఒక్కటే, ఎక్స్ఎ-21 ఒక్కటే ఉన్న వరిని దాటగల రకాలు మన దేశంలో ఉన్నాయి. మూడింటినీ ఒకే మొక్కలో పేర్చడంలోని ప్రయోజనం ఇక్కడే బోధపడుతుంది.

అన్ని ఆయుధాల విషయంలోను ఒత్తిడి సమానం కాదు. వెలుపలికి స్రవించే ఎంజైములు, జిగురు, సంకేత అణువులు ఉమ్మడి ఆస్తివంటివి. వీటిని నిరోధించే మందును తప్పించుకొన్న ఒక కణం తయారుచేసే ఎంజైము ఫలం చుట్టూ ఉన్న లొంగిన కణాలకు కూడా దక్కుతుంది. అందువలన తప్పించుకొన్నదానికి ప్రత్యేక లాభం తక్కువై, అది మెల్లగా మాత్రమే విస్తరించాలి. సిద్ధాంతం ఇంతవరకు సరియైనదే. కాని దారునాళంలో ఒక్కొక్క మచ్చ కొద్దిపాటి కణాల సంతతితో నిండి ఉంటుంది. అక్కడ ఇరుగుపొరుగులు పరాయివారు కారు, ఒకే కుటుంబం. లాభం కుటుంబానికే దక్కుతుంది గనుక సిద్ధాంతం వాగ్దానం చేసినంత రక్షణ పొలంలో లభిస్తుందని ఆశించరాదు. స్వీట్ ద్వారం నుండి వచ్చే చక్కెర కూడా పొరుగు కణాలకు అందేదే అయినా, దానిని దాటిన రకాలు పుట్టడానికి కారణం ఇదే కావచ్చు.

అయినా యాంటీబయాటిక్‌కూ దీనికీ మౌలికమైన తేడా ఒకటి నిలిచే ఉంటుంది. ఎక్స్ఎ-13 ఉన్న వరి ఒత్తిడి పెట్టేది ఎండాకు తెగులు బాక్టీరియాపై మాత్రమే. మడి నీటిలోని వేరొక బాక్టీరియాకు దానివలన లాభమూ లేదు, నష్టమూ లేదు. కొత్త పాథోటైపు పుట్టినా అది వరికి సంబంధించిన సమస్యగానే మిగులుతుంది, ఆసుపత్రికి చేరదు. మూసీ దిగువ పొలాలవంటి చోట ఈ ఒక్క కారణమే నిర్ణాయకం కావాలి.

జన్యు సవరణ ఈ మార్గాన్ని ముందుకు తీసుకొనిపోయింది. స్వీట్-11, 13, 14 మూడింటి ప్రమోటర్లలోను టేల్ అతుక్కొనే చోట్లను సవరించి, ఐ.ఆర్. 64తో సహా కొన్ని రకాల్లో విస్తృతమైన తట్టుకొనే శక్తిని సాధించినట్లు ఒక అంతర్జాతీయ బృందం 2019లో ప్రకటించింది. సాంబ మసూరిలోనే మరొక లక్షణానికి, అంటే కంకిలో గింజల సంఖ్యకు, జన్యు సవరణ చేసిన డి.ఆర్.ఆర్. ధన్ 100ను రాజేంద్రనగర్ సంస్థ రూపొందించగా 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి సాంకేతిక సామర్థ్యం ఇక్కడ లేనిది కాదు.

పిచికారి చేయదగిన నిరాయుధీకరణ మందుల సంగతి ఇంత ఆశాజనకంగా లేదు. సంకేత అణువును ఛేదించే బాసిల్లస్ ఎంజైమును పొగాకు, బంగాళదుంప మొక్కల్లో ప్రవేశపెట్టి మెత్తకుళ్ళును అదుపుచేసినట్లు 2001లో వెలువడిన ఫలితం ఎంతో ఆసక్తి రేపింది. కాని ఎండాకు తెగులు బాక్టీరియా వాడేది వేరొక సంకేత భాష కావడం వలన ఆ ఎంజైము ఇక్కడ పనికిరాదు. మూడవ రకపు స్రావక వ్యవస్థను అణచే ఫినాలిక్ సమ్మేళనాలు కొన్ని ప్రయోగశాలలో, కుండీలలో ఫలితమిచ్చాయి. వానకు, ఎండకు నిలిచి దారునాళం దాకా చేరడం వేరే పరీక్ష.

విస్తరణలో గమనింపదగినవి

మాటల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో మొక్క తెగులును ఎదిరించినా నిరోధకతే, బాక్టీరియా మందును ఎదిరించినా నిరోధకతే. రైతు శిక్షణలో ఈ రెండూ ఒకే గంటలో వినిపిస్తే మొదటిది మంచిదనీ, రెండవది ప్రమాదమనీ విడమరచడం కష్టమవుతుంది. మొక్క విషయంలో ‘తట్టుకొనే శక్తి’ అని, బాక్టీరియా విషయంలో ‘మందుకు లొంగకపోవడం’ అని వాడితే గందరగోళం తప్పుతుంది.

నత్రజని విషయంలో రెట్టింపు శ్రద్ధ కావాలి. మురుగు కలిసిన నీటిలో నత్రజని ఇదివరకే ఉంటుంది. దానికి తోడు సాధారణ మోతాదు యూరియా వేస్తే పైరు ఏపుగా, మెత్తగా పెరిగి తెగులుకు లోబడుతుంది. నీటి పరీక్ష ఆధారంగా మోతాదును తగ్గించడం, తెగులు కనిపించిన వెంటనే నత్రజని వేయడం ఆపడం, మడిలో నీరు తీసివేయడం, తెగులున్న మడి నీటిని పక్క మడిలోకి వదలకపోవడం మందుకంటే ముందు చేయవలసిన పనులు. నారు కొనలు త్రుంచకుండా నాటించాలి.

ఆకుల అంచులు ఎండిన ప్రతిసారీ ఎండాకు తెగులే అనుకోరాదు. పోషక లోపాల వలన, లవణాల వలన కూడా ఆకుల కొనలు, అంచులు ఎండుతాయి. ఎండిన భాగం, పచ్చని భాగం కలిసేచోట ఆకును కత్తిరించి గాజు గ్లాసులోని తేటనీటిలో నిలిపితే, తెగులు ఉన్నట్లయితే కొద్ది నిమిషాల్లో తెగిన అంచు నుండి పొగచారవంటి తెల్లని స్రావం దిగుతుంది. లవణాల వలన ఎండిన ఆకు నుండి ఏమీ దిగదు. యాంటీబయాటిక్ డబ్బా కొనకముందు ఈ పరీక్ష చేయించగలిగితే కొన్ని పిచికారులైనా అక్కడికక్కడే ఆగుతాయి.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేసిన పొలంలో తెగులు కనిపించినప్పుడు మొదట విత్తనం స్వచ్ఛతను అనుమానించాలి. మామూలు సాంబ మసూరి కలిసిపోయి ఉండవచ్చు, కంటికి రెండింటికీ తేడా తెలియదు. మచ్చలు అక్కడక్కడ విడి దుబ్బులకే పరిమితమైతే కల్తీ సంభావ్యత ఎక్కువ. చాలు పొడవునా, నీరు పారిన దిశలో దుబ్బులన్నీ ఒకే తీరుగా తెగులు చూపితే కొత్త పాథోటైపును శంకించాలి. అటువంటి పొలం నుండి తాజా మచ్చలున్న ఆకులను కాగితపు సంచిలో నీడన ఆరబెట్టి, గ్రామం, రకం, నాటిన తేదీ, సాగునీటి ఆధారం, వాడిన మందుల వివరాలతో రాజేంద్రనగర్‌లోని తెగుళ్ళ విభాగానికి పంపాలి. సాగునీటి ఆధారం అన్న గడిలో మూసీ అని వ్రాయవలసివచ్చిన నమూనాలను విడిగా గుర్తించి, వాటి నుండి వేరుచేసిన బాక్టీరియాకు పాథోటైపు పరీక్షతో పాటు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లకు లొంగుతున్నదో లేదో చూసే పరీక్ష కూడా చేయించాలి.